బెంచీలకు వడిబియ్యం

1991, సెప్టెంబరు. మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే రోడ్డు పక్కన పుల్లగుట్ట తండా. బడి అరుగు మీద ముగ్గురు ఉన్నారు: కోదాడ దగ్గర రామన్నకుంట బడి హెడ్మాస్టరు దానియేలు, తండా బడి కమిటీ పెద్ద జమ్లీ, ట్రాక్టరు డ్రైవరు సైదులు. బడి తలుపుకు తాళం వేలాడుతోంది.

“తాళం ఉంది, తలుపు ఉంది, తాళంచెవి మాత్రం లేదా? ఎట్లమ్మా జమ్లీ?”

“లేదని ఎవలన్నరు సారూ? ఉన్నది. మా కిష్ట్యా మొలతాడుకు కట్టి ఉన్నది.”

“మరి మీ ఆయన ఎక్కడ?”

“మొలతాడు యాడ ఉంటె ఆడ్నే ఉంటడు.”

“నాతో నవ్వులాటలు వద్దమ్మా. నాకా ఓపిక లేదు. పది గంటలకు మా రామన్నకుంట బడికి తనిఖీ అధికారి వస్తున్నాడు, హైదరాబాదు నుంచి. మొన్న మీ ఆడోళ్ళు రోడ్డు మీద ట్రాక్టరు ఆపి దించుకున్న బెంచీలు నాకు ఇప్పుడే కావాలి. అవి మా బడి బెంచీలు.”

“మీ బడివా?”

“మా బడివే.”

“మరి ఎండకాలం పోయినంక మా బడికి వచ్చినప్పుడు మాయే అన్నరు గద? అధికారి కండ్లార సూసి, ‘కొత్త బెంచీలు, మంచిగున్నయ్’ అని రాస్కొని గూడ పొయ్యె. నేను గాడ్నే ఉన్న.”

“అది అప్పుడమ్మా.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు మావి. సైదులూ, మాట్లాడవేందయ్యా? తోలింది నువ్వే కదా?”

“నన్నెందుకు గుంజుతరు సారూ నడుమల? నాది ట్రాక్టరు. ఎక్కియ్యి అంటె ఎక్కిస్త, దించు అంటె దించుత. ఇసుక తోల్త, ఎరువు తోల్త, బెంచీలు తోల్త. ఇసుకను ‘నీది ఏ ఊరే’ అని అడుగుతనా?”

“అడగకపోతే మానె. ఆడోళ్ళు అడ్డం వస్తే హారను కొట్టుకుంటూ పోవచ్చు కదా?”

“కొట్టిన సారూ. చెవులు వగిలేటట్టు కొట్టిన. ఒకామె వచ్చి ముందల టైరు కాడ కూసొని బిడ్డకు పాలియ్యవట్టె. ఎట్ల పోవాలె, నువ్వే జెప్పు?”

“గామె మా రంగి, సారూ. ట్రాక్టరు ఆపనీకి కూసోలె. బిడ్డ ఏడ్సిండు, పాలిచ్చింది. గంతే.”

“నడిరోడ్డు మీదనా?”

“బిడ్డకు ఆకలి యాడైతె ఆడ్నే ఇస్తరు. నువ్వు గట్ల నిలవడకు, కూసో. చాయ్ వెట్టమంటవా?”

“వద్దు.”

“మొగం సూస్తె పొద్దటి సంది ఏం ముట్టనట్టున్నవ్.”

“ముట్టలేదు. ఇంట్లో సుగుణ లేదు. నిన్న హుజూర్‌నగర్‌లో వాళ్ళక్క దగ్గరికి పోయింది. నాకు పొయ్యి ముట్టించడం కూడా రాదు.”

“అయ్యో పాపం. అయితె చాయ్ తాగాల్సిందే. అది మరిగే లోపల కిష్ట్యా రానే వస్తడు.”

“అక్కా, నాకు జర చక్కెర ఎక్కువెయ్యి.”

“నీ చక్కెర సంగతి తర్వాత, సైదులూ. ఆ కిటికీలోంచి తొంగి చూడు. బెంచీలు లోపల ఉన్నాయా లేవా?”

“చీకటున్నది సారూ. ఏం కనవడుత లేదు. ఆగు... ఏదో కదులుతున్నది. అమ్మో, కండ్లు మెరుస్తున్నయ్!”

“ఏంటది?”

“మేక, సారూ.”

“బళ్ళో మేకేంటి జమ్లీ?”

“వానకు తడుస్తదని కట్టేసినం. తప్పా?”

“బెంచీల మీదికి ఎక్కితే? కొత్తవి, పాలిష్ పోతుంది!”

“గట్ల ఎక్కే తెలివి దానికి యాడిది సారూ? కిందనే కూసున్నది, మా పిల్లల లెక్కనే.”

“ఎత్తిపొడుపులొద్దు.”

“ఎత్తిపొడుసుడు కాదు, ఉన్న మాట. మా జానకి మూడో తరగతి. బోర్ల పండుకొని ఎక్కాలు రాస్తది. అంగికి ముంగటంత మట్టే. వాన వడితె నేల ఊరుతది, ఇగ బడి బంద్. పోయిన నెల ఎన్ని దినాలు నడిసిందో మా సారును అడుగుదామంటె, ఆయన బెంచీల లొల్లి మొదలైన కాడి నుంచి జరమని సెలవు వెట్టిండు. నిన్నగాక మొన్న మిర్యాలగూడల సినిమా టాకీసు కాడ కనవడ్డడు. జరం ఎట్లున్నది సారూ అంటె, తగ్గుత లేదన్నడు.”

“అదంతా నాకెందుకమ్మా? నేను వేరే బడి హెడ్మాస్టర్ని.”

“గందుకే అడుగుతున్న. మండలాఫీసుకు పొయ్యినం, ఆడోళ్ళమందరం. సర్కారు ప్రతి బడికి బెంచీలిచ్చిందట, మా బడివి ఏవి అన్నం. ‘మీ బడికి అందినయ్, మీ సారు సంతకం ఉన్నది’ అన్నడు ఆడి గుమాస్తా. బడిల లెవ్వయ్యా అన్నం. ‘కాయితంల ఉన్నయ్ గద’ అన్నడు. కాయితం మీద కూసోవెట్టాల్నా పిల్లలను?”

“గట్టిగా అరవకు. ఎవరన్నా వింటారు.”

“ఇనాలెనే గద! బడికి ఏమొచ్చింది, దేనికి ఖర్చయ్యింది, నెలకోపారి బడి ముంగట నిలవడి చదివి ఇనిపియ్యుండ్రి. మా కమిటీ అడిగేది గదొక్కటే. మేం బంగారం తెమ్మంటలేం, ఎండి తెమ్మంటలేం.”

“చదివితే మీకు అర్థమవుతుందా?”

“చదివినంక సూడు, అయితదో కాదో. ఇగో, చాయ్. పట్టు.”

“వేడిగా ఉంది.”

“ఊదుకొని తాగు. తొందరేమున్నది?”

“తొందరేమున్నదా! తొందర తప్ప నాకింకేం లేదమ్మా! సైదులూ, ఈ తాళం పగలగొట్టు.”

“నేనా? సర్కారు తాళం సారూ. కేసైతది. మీరు కొట్టుండ్రి, రాయి కావాల్నంటె నేను తెచ్చిస్త.”

“నేను హెడ్మాస్టర్ని!”

“నేను డ్రైవర్ని. నాకు లైసెన్సు పోతది.”

“సరే. సరే. ఒక్కటి చెప్పు జమ్లీ. ఒకే బెంచీలు అన్ని బళ్ళకూ తిరుగుతున్నాయని మీకెవరు చెప్పారు?”

“నేను జెప్పలె సారూ. ఒట్టు.”

“నిన్నెవరన్నారు సైదులూ? అడక్కుండానే భుజాలు తడుముకుంటావెందుకు?”

“ఆయన జెప్పలె సారూ. పాపం, ఆయన మాకు అబద్ధమే జెప్పిండు. మా బడిల తనిఖీ అయ్యింది గద, తెల్లారి ట్రాక్టరేస్కొని మళ్ళ వచ్చిండు. పిల్లలు బెంచీల మీదికెళ్ళి దిగుత లేరు. మా తులసీరాం గాడైతె నేల మీద కూసునే అలవాటుకు రెండుపార్లు కిందవడ్డడు, పడి మళ్ళ ఎక్కిండు. గసొంటి పిల్లలను దించి బెంచీలు ఎక్కించుకుంటున్నడు. ఎందుకు తమ్మీ అంటె ఏమన్నవో నువ్వే జెప్పు.”

“రంగేసి తెస్త అన్న. గట్లనే జెప్పుమన్నరు నాకు.”

“మేం నమ్మినం. బడి ఊడ్చే పెంటమ్మ ఉన్నది గద, ఆమె మరీ నమ్మింది. ‘ఆడివిల్ల పుట్టింటికి వచ్చి ఒక్క పూట ఉండి పోయినట్టున్నది. ఉత్తగ ఎట్ల పంపుదుం’ అని ఇంటికి ఉరికి, వడిబియ్యం తెచ్చి కట్టింది.”

“ఎవరికి?”

“బెంచీలకు.”

“బెంచీలకు... వడిబియ్యమా?”

“అవు. పసుపు గలిపి, కొత్త రైకగుడ్డల మూటగట్టి, ఒక్కో బెంచీ కింద ఒక్కోటి. మా లంబాడోల్లకు ఆ పద్ధతి లేదు సారూ. నాకు నవ్వాగలె. పెంటమ్మ మాత్రం నవ్వలె. ‘వడిబియ్యం పోస్తె బిడ్డ మళ్ళొస్తది, సూడు’ అన్నది. కండ్లెంబడి నీళ్ళు గూడ పెట్టుకున్నది.”

“హల్లెలూయ! నేను పుట్టి బుద్ధెరిగి ఇట్లాంటిది వినలేదు.”

“ఇను మరి. రంగు లేదు, బెంచీల్లేవ్. పెసలు అమ్మనీకి సూర్యాపేట మార్కెట్‌కు పొయ్యిన. కాంటా కాడ ఒకామె, బాలనర్సమ్మ, కనవడ్డ ఆడోళ్ళనల్ల ఆపి అడుగుతున్నది. ‘ఏ ఊరి బెంచీలమ్మా, ఎవలో వడిబియ్యం గట్టి పంపిండ్రు? మా బడికి వచ్చినయ్, తెల్లారే పొయ్యినయ్’ అని. నేను ఉరికిన. మాయేనమ్మా అన్న. నన్ను కావలిచ్చుకున్నది.”

“మూటలు విప్పి చూశారా వాళ్ళు?”

“ఛీ, ఒకలు కట్టిన వడిబియ్యం ఇంకొకలు ఇప్పుతరా? దాని పక్కన తమది గూడ ఒకటి గట్టి పంపిండ్రు. ఉత్తగ పంపితె వాళ్ళ ఊరికి ఇజ్జత్ ఉంటదా? తర్వాత మిర్యాలగూడ దిక్కు పొయ్యినయ్. ఆడ పద్మమ్మ వాళ్ళు సూసిండ్రు. రెండు మూటలున్నయ్, మనది లేకుంటె ఎట్లా అని వాళ్ళూ కట్టిండ్రు.”

“ఓ యబ్బ! గందుకేనా, ట్రిప్పు ట్రిప్పుకు బరువైతున్నయ్ అనుకున్న! నా ట్రాలీల ఎలుకలు ఎందుకు వడ్డయో నాకిప్పుడు సమజైంది.”

“నవ్వకు సైదులూ. ఇది నవ్వే విషయం కాదు.”

“నవ్వుత లేను సారూ. చాయ్ గొంతుల వడ్డది.”

“గట్ల కలిసినం సారూ, మూడూర్ల ఆడోళ్ళం. గట్లనే కమిటీ అయ్యింది. ఇగ నాలుగోది మీ ఊరు.”

“మా ఊళ్ళో మీ కమిటీ లేదు.”

“లేదా?”

“లేదు. మా రామన్నకుంటలో ఆడవాళ్ళు ఇట్లా రోడ్ల మీదికి రారు.”

“అవునా. అయితె మంచిదే. ఇంకో చాయ్ పొయ్యనా?”

“ఒద్దంటే... సరే పొయ్యి. కిష్ట్యా వస్తున్నాడా?”

“మడి కాడికి పొయ్యిండు. నీళ్ళు గట్టి వస్తడు. కాలువల నీళ్ళు వస్తెనే గద కట్టేది.”

“కాలువలో నీళ్ళు ఎప్పుడు వస్తాయి?”

“అది ఇంజినీరును అడగాలె.”

“దేవా! జమ్లీ, నీకు చేతులెత్తి మొక్కుతా. నేను చెప్పేది ఒక్క నిమిషం విను. దసరా సెలవులు అయిపోతే నాకు రిటైర్మెంటు. ముప్పై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పినోణ్ణి. బెంచీలు అందాయని నేను సంతకం పెట్టాను. పెట్టానమ్మా, అబద్ధమెందుకు? పెట్టకపోతే దేవరకొండ అవతల అడవిలోకి బదిలీ చేస్తానని ఒకాయన బెదిరించాడు. నాకు మోకాళ్ళ నొప్పులు. ఇవాళ బళ్ళో బెంచీలు కనపడకపోతే వాటిని తిన్నది నేనే అవుతాను. పింఛను పోతుంది. పోతే పోయింది, ఊరంతా దొంగ అంటుంది. నేను అది తట్టుకోలేను.”

“నువ్వు దొంగవు కాదని మాకెరుకనే సారూ.”

“నీకెట్లా ఎరుక?”

“ఎరుక. దొంగోడు గిట్ల ఉపాసముండి తిరుగుతడా? మంచిగ తిని పండుకుంటడు. నువ్వు పేరు జెప్పు, ఇప్పుడే తలుపు తీస్త.”

“తాళంచెవి కిష్ట్యా దగ్గరుందన్నావు?”

“పేరు జెప్తె దొరుకుతది.”

“ఏం పేరు?”

“బెదిరిచ్చినోని పేరు. ఒక్క ట్రాక్టరెడు బెంచీలు కొని, అన్ని బళ్ళ పైసలు మింగినోని పేరు.”

“పెద్దసారు.”

“పెద్దసార్లు మస్తుమంది ఉన్నరు. ఏ పెద్దసారు?”

“పెద్దసారంటే పెద్దసారే.”

“గదే, ఏ ఊరాయన? పొడుగా, పొట్టా?”

“అడగకమ్మా. ఆయనకు పైన చాలామంది ఉన్నారు. తనిఖీ ఎప్పుడు, ఎక్కడ అన్నది మనకంటే ముందే ఆయనకు తెలుస్తుంది. పేరు బయటికి చెప్పానో, నా ఫైలు ఇంక కదలదు.”

“సైదులు తమ్మీ, నీకెరుకనా?”

“ఏసుసామి మీదొట్టు, సారు ముంగట జెప్తున్న, నాకెరుక లేదక్కా. కబురు వెట్టేటోడు ఒకడు, కిరాయి ఇచ్చేటోడు ఇంకొకడు. అసలాయన ఎట్లుంటడో నేను సూడనే లేదు. కిరాయి గూడ సగం బాకీ ఉన్నడు.”

“సూసినవా సారూ, ట్రాక్టరోన్ని గూడ ముంచిండు నీ పెద్దసారు. నువ్వు ఆయన పేరు కడుపుల దాసుకొని బువ్వ తినకుంట తిరుగుతున్నవ్. నాకు నిన్ను సూస్తె కోపం రావాలె, జాలొస్తున్నది.”

“జాలి ఉంటే బెంచీలియ్యి.”

“ఇచ్చుడు గురించే గద మాట్లాడుతున్నం.”

“ఏం మాట్లాడుతున్నాం? పొద్దున్నించి మొలతాడు, మేక, కాలువ, ఎలుకలు! అదేం మోత?”

“కోదాడ బస్సు సారూ. దుమ్ము లేపుకుంట వొయ్యింది.”

“పది గంటల బస్సా? అయిపోయింది! వచ్చేసుంటాడు! మా బళ్ళో ఖాళీ నేల చూస్తుంటాడు ఇప్పుడు! నా బతుకు ఖతమైపోయింది సైదులూ!”

“బస్సు వొయ్యిందా? అయితె లేస్త ఇగ. సారూ, తలుపు గుంజు.”

“తాళం?”

“వెయ్యలె. ఉత్తగ తగిలిచ్చినం.”

“ఉత్తగనా! పొద్దున్నించీ ఉత్తగనా?”

“సారూ, జర పక్కకు! మేక ఉరుకుతున్నది!”

“మేక పోతే పోనీ! ఏవి? బెంచీలేవి? జమ్లీ, లోపల ఏం లేదు!”

“లేవు సారూ. పొయ్యినయ్.”

“ఎక్కడికి?”

“మీ బడికే.”

“మా... రామన్నకుంట బడికా?”

“కోడి కూసేటాలకు బండ్లు గట్టినం. మా కిష్ట్యా ముందల బండి మీద ఉన్నడు. కాలువ కట్ట మీదికెళ్ళి పొయ్యిండ్రు. నువ్వు రోడ్డు మీదికెళ్ళి వస్తివి, నీకు కనవడలె.”

“అమ్మా! నా తల్లీ! నీ కడుపు చల్లగుండ! బెంచీలు బళ్ళో ఉన్నాయా? ఆయన చూసుంటాడా? దేవునికి స్తోత్రం! ఇది పొద్దున్నే చెప్తే నీ సొమ్మేం పోయింది, నా గుండె ఆగినంత పనైంది కదా!”

“ఉత్త బెంచీలు పోలె సారూ.”

“అంటే?”

“వడిబియ్యం వండుకున్ననాడు పుట్టింటోల్లను పిలిచి బువ్వ పెట్టాలెనట గద, పెంటమ్మ జెప్పింది. మూడు ఊర్లు వడిబియ్యం పోసినయ్ గద, మూడూర్లోల్లు పొయ్యిండ్రు. బాలనర్సమ్మ వాళ్ళు సూర్యాపేట నుంచి లారీల వచ్చిండ్రు. పద్మమ్మ వాళ్ళు గూడ. మీ బడి ముంగట పొయ్యిలు పెట్టి ఉంటరు ఈపాటికి. తనిఖీ సారుకు గూడ విస్తరేస్తరు.”

“ఆయన ముందరా! ఆయన అడుగుతాడు కదా, ఎవరు మీరంతా అని!”

“అడుగుతడు. బెంచీలు ఎవరివని గూడ అడుగుతడు. మాయే అని మూడూర్లోల్లు లేస్తరు. మూటలు సూపెడుతరు.”

“అప్పుడు సంతకాలు తీస్తాడు.”

“తీస్తడు.”

“మొదటిది నాదే ఉంటుంది! సైదులూ, లే! ట్రాక్టరు తియ్యి! మిర్యాలగూడ పోనియ్, దవాఖానలో చేరతా. జ్వరం అని చెప్తా!”

“గా జరం మా సారుకు గూడ ఉన్నది, సారూ. జర నిమ్మలంగ ఉండు.”

“నిమ్మలమా! ఆగు... ఆగు. బడి తాళం నా జేబులోనే ఉంది. ఇగో! తాళం తియ్యందే వాళ్ళు లోపలికెట్లా పోతారు? ఇంకో చెవి ఇంట్లో దేవుని బొమ్మ కింద ఉంది. అది ఎవరికీ తెలియదు.”

“సుగుణమ్మకు తెలుసు గద.”

“ఏ సుగుణమ్మ?”

“మీ ఇంటామె.”

“సుగుణ హుజూర్‌నగర్‌లో...”

“పోలె సారూ. నిన్న పగటీలి బస్సు ఈడ్నే దిగింది. నువ్వు కూసున్న ఆ అరుగు మీదనే కూసొని ఏడ్సింది. మీ ఊరి కమిటీ ఆమెనే.”

“సుగుణ... కమిటీనా?”

“సైదులు మీ ఇంటికొచ్చి బెంచీలు ఆగినయని జెప్పినప్పుడు ఆమె తలుపెనుక ఉన్నదట. దానికంటె ముందే ఎరుకనట. నువ్వు నిద్రల కలవరిస్తున్నవంట సారూ. ‘అందినయ్ సార్, బెంచీలు అందినయ్ సార్’ అని. దిగ్గున లేచి చెమటలు తుడుసుకుంటవంట. ‘మా ఆయనకు ఒక్క చీమను తొక్కే ధైర్యం లేదు, జమ్లీ. ఆయనతోని ఈ పని చేయించినోళ్ళు పాడుగాను’ అన్నది.”

“నేనామెకు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఒక్క మాట.”

“గందుకే నిన్న వచ్చింది. ‘మా ఆయన రేపు పొద్దుగాల బెంచీల కోసం మీ కాడికి వస్తడు. జర మాటలల్ల వెట్టి ఆపు. ఆయన ఆడ ఉంటె నా చెయ్యి పట్టుకొని వద్దంటడు, నాకు నోరు రాదు. ఆయన వచ్చే లోపల తనిఖీ సారుకు నేనే అంత జెప్పేస్త. ఆయన ఏం తినకుంట వస్తడు, చాయ్ అన్న ఇయ్యి’ అని నా గదవ వట్టుకొని బతిమాలింది. అందుకే సారూ పొద్దటి సంది నిన్ను కూసోవెట్టిన. తప్పైతె తిట్టు.”

“ఏం... ఏం చెప్తుంది ఆయనతో?”

“ఉన్నదే జెప్తది. బెంచీలు రాకముందే నీతోని సంతకం వెట్టిచ్చిండ్రని, బెదిరిచ్చిండ్రని.”

“ఎవరు బెదిరించారని అడుగుతాడు కదా?”

“అడగడా మరి?”

“ఆమెకు పేరు తెలియదు!”

“తెల్వదా?”

“నేనెప్పుడు చెప్పాను? కలలో కూడా ‘సార్, సార్’ అనే కదా అన్నాను! పేరు లేకపోతే ఇంక మిగిలేది నా సంతకం ఒక్కటే. అందరి ముందర నిలబడి తన నోటితో తనే మొగుణ్ణి పట్టిచ్చినట్టవుతుంది. పిచ్చిది! అయ్యో సుగుణా! సైదులూ, ఎక్కడ చచ్చావయ్యా?”

“ఇగో సారూ, ఇంజను స్టార్టే ఉన్నది. మిర్యాలగూడ దవాఖానకేనా?”

“దవాఖాన లేదు, గివాఖాన లేదు, కోదాడ దిక్కు తిప్పు! గట్టిగా తొక్కు, ఆ పేరు నాకొక్కడికే తెలుసు!”